రెండో ముద్ద

మా కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కిటికీ దగ్గర నిలబడి చివరి సంవత్సరం అమ్మాయిలు నన్నొక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "అక్కా, మీరూ ఆయుర్వేదమే చదివారట కదా. మరి రోగుల్ని చూడటం ఎందుకు మానేశారు?" నేను తల దించుకుని, ఆ రోజు తేదీ వేస్తున్నట్టు నటించి తప్పించుకుంటాను. ఎదురుగా నిలబడ్డ మనిషితో మాట్లాడటం నాకు చిన్నప్పట్నించీ చేతకాదు. ముప్పై నిండకుండా రిటైరయిన డాక్టరువి నువ్వొక్కదానివే అని మా అక్క వెక్కిరిస్తుంది.

అందుకని రాసి ఇస్తున్నాను. ఎందుకు మానేశానన్నది కాదు. చేసిన కొద్దికాలంలో చూసిన ఒక్క రోగి సంగతి. కడుపుబ్బరం రోగి. ఇంతేనా అనుకోకండి. పరీక్షల కోసం మీరు పెద్ద పెద్ద వ్యాధులన్నీ కంఠతా పడతారు. మొదటి పోస్టింగులో మీ ముందుకొచ్చి కూర్చునేది మాత్రం కడుపుబ్బరమే.

తొంభైల మొదట్లో నేను భిలాయి వెళ్ళాను. అక్కడి ఉక్కు కర్మాగారంలో పనిచేసే తెలుగువాళ్ళు, ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు, చందాలు వేసుకుని సెక్టర్ 4లో చిన్న ఆయుర్వేద దవాఖానా నడిపేవారు. రెండు గదులు, ముందు ఒక వరండా, వరండాలో బెంచీ. మేం ముగ్గురం. డెబ్బై దాటిన పెద్ద డాక్టరుగారు, నేను, ఒక కాంపౌండరు.

పెద్ద డాక్టరుగారికి ఒక చెవి వినపడదు. ఏ చెవో మాకెప్పుడూ తెలియలేదు. వినకూడదనుకున్న మాట ఏ వైపునుంచి వచ్చినా ఆయనకి వినపడేది కాదు. కాంపౌండరు పక్కనున్న ఉతై అనే ఊరి నుంచి సైకిలు మీద వచ్చే ఛత్తీస్‌గఢ్ మనిషి. తెలుగంతా మా రోగుల దగ్గర నేర్చుకున్నాడు కనక నాకన్నా చక్కటి శ్రీకాకుళం యాస మాట్లాడేవాడు. మధ్యాహ్నం నా బల్ల మీద టీ గ్లాసు పెడుతూ, "ఏటి దీదీ, ఈ పూట కూడా బిస్కట్టేనా? రోగుల్కి పథ్యం సెప్తావు, నీకెవలు సెప్తారు?" అనేవాడు. నేను నవ్వి పుస్తకంలో తల దూర్చేదాన్ని.

ఊరు నాకు అలవాటు కాలేదు. అక్కడే పుట్టిపెరిగిన తెలుగు పిల్లలు నాతో హిందీలో మాట్లాడేవారు. నాకు వచ్చినది పుస్తకాల హిందీ. నేనో వాక్యం కూడగట్టుకునేలోపు వాళ్ళు వెళ్ళిపోయేవారు. సాయంత్రం అద్దెగదికి వచ్చి, మంచినీళ్ళ చెంబుకి పుస్తకం ఆనించి, ఒక చేత్తో పేజీ తిప్పుతూ ఎప్పుడో ఒకప్పుడు తినేదాన్ని. ఒక్కోసారి అధ్యాయం అయ్యేదాకా తినేదాన్ని కాదు. ఆ ఏడాది డైరీ తిరగేస్తే చాలా పేజీల్లో "ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు" అని ఉంటుంది. రోగులతో మాట్లాడింది మాటల కింద లెక్క వేసుకోలేదనుకుంటాను.

ఆవిడ వానలు తగ్గుతున్న రోజుల్లో వచ్చింది. యాభై దాటిన మనిషి. కర్మాగారం పక్కనున్న మరోదా అనే బస్తీలో ఇల్లు. భర్త కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి, అంతకు ముందు ఏడాది గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. బెంచీ మీద ఎవరూ లేకపోయినా చివరనే కూర్చుంది.

"ఏటి సెప్పనమ్మా," అంది. "నాలుగు మెతుకులు కడుపులో పడితే సాలు, పొట్ట డప్పునాగ బిగిసిపోతంది. తేనుపు రాదు. కూకోలేను, తొంగోలేను."

పెద్ద డాక్టరుగారు చాలాసేపు పరీక్ష చేశారు. ఆ వయసు మనిషికి కొత్తగా ఉబ్బరం మొదలైతే ముందు వేరే ఏమీ లేదని తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. పరీక్షలన్నీ చేయించుకు రమ్మని ఆసుపత్రికి పంపారు. ఎక్కడా ఏమీ లేదని కాగితాలు వచ్చాకే మందు రాశారు. హింగ్వాష్టక చూర్ణం. ఇంగువ, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, రెండు జీలకర్రలు, సైంధవ లవణం. మీకు తెలిసినదే.

వాడే విధానం చెప్పటం నా పని. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అన్నంలో నెయ్యి వేసి, మొదటి ముద్దలో ఈ చూర్ణం కలపాలండీ. మొదటి ముద్దలోనే. తరవాత ముద్దల్లో కలిపితే లాభం లేదు."

"మొదటి ముద్దలోనే," అని ఆవిడ తిరిగి అప్పజెప్పింది. ఆ మాట ఆవిడకి నచ్చినట్టు అనిపించింది నాకు. ఎందుకో అడగలేదు.

ఒక వారం కాస్త నయంగా ఉందంది. తరవాత మళ్ళీ మొదటికొచ్చింది. నేను మోతాదు పెంచాను. శనగపప్పు, బంగాళాదుంపలు మాన్పించాను. చల్లటి నీళ్ళు వద్దన్నాను. మరో రెండు వారాలకి నయమైంది. నేను సంబరపడ్డాను. వారం తిరగకుండా పొట్ట పట్టుకుని వచ్చింది. కాంపౌండరు వరండాలోంచి, "దీదీ, మీ గేస్ అమ్మ వచ్చీసింది," అని కేకేసేవాడు. ఆవిడ, "నాకు పేరెట్టీసేవేట్రా భయ్యా," అని నవ్వేది. అంత నొప్పిలోనూ నవ్వేది.

పెద్ద డాక్టరుగారు ఒకరోజు అడిగారు. "ఏ వేళకి తింటుందో కనుక్కున్నావా?"

"వేళకే తింటుందటండీ."

"ఏమని అడిగావు?"

"వేళకి తింటున్నారా అని."

ఆయనకి ఆ జవాబు వినపడలేదు. మందుల సీసాల వైపు తిరిగిపోయారు. నాలాంటివాళ్ళ ఇబ్బంది అదే. మాట్లాడటానికి భయపడేవాళ్ళం ప్రశ్నలోనే జవాబు పెట్టి అడుగుతాం. ఎదుటి మనిషి ఊఁ అంటే చాలు, గండం గడిచిపోతుంది.

చలి మొదలయ్యేసరికి ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఆ రోజు చూర్ణం సీసా తీసుకుని వెంటనే లేవలేదు.

"నెలాఖరుకి మా తమ్ముడొస్తాడమ్మా. ఇలాగే ఉంటే ఇల్లు తాళమెట్టీసి ఊరు తీసుకుపోతానన్నాడు. పలాస కాడ."

"మంచిదే కదండీ. మీవాళ్ళందరూ ఉంటారు."

"మంచిదే. ఆల్లు మంచోలే." కాసేపు సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "కానీ అక్కడ సైరన్ ఇనబడదు కదా."

సైరన్ వినపడకపోతే నిద్ర హాయిగా పడుతుంది కదా అనుకున్నాను. భిలాయిలో షిఫ్టు మారినప్పుడల్లా మోగే ఆ కూత నాకు అసలు పడేది కాదు.

"ఈసారి తగ్గించీ తల్లీ," అంది లేస్తూ. "నానెల్లలేను."

ఆ తరవాత ఆవిడ రావటం మానేసింది. మరోదా నుంచి వచ్చే ఇంకో రోగిని అడిగితే, గుమ్మంలోకి కూడా రావటం లేదన్నారు. ఆ మాట పెద్ద డాక్టరుగారికి వినపడింది. ఆదివారం నన్ను వెళ్ళి చూసి రమ్మన్నారు. "మందులేమీ పట్టుకెళ్ళకు," అన్నారు. "నాడి కూడా చూడకు. ఊరికే కూర్చో. కూర్చోవటం నీకు వచ్చు కదా."

ఎగతాళో మెచ్చుకోలో తెలియలేదు. సైకిలు మీద వెళ్ళాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వాక్యాలు కూర్చుకున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు.

రేకుల కప్పు, రెండు గదులు, వెనక చిన్న దొడ్డి, దానికి నడుమెత్తు గోడ. గోడకున్న మేకుకి పసుపుపచ్చ హెల్మెట్ వేలాడుతోంది. దానిమీద దుమ్ము లేదు. ఆవిడ నన్ను చూసి కంగారుపడి, మంచం దులిపి, టీ పెట్టి ఇచ్చింది. మధ్యాహ్నం దాటింది. నాకు ఆకలేస్తోంది. వంటింట్లోంచి పప్పు వాసన వస్తోంది.

"వంట అవలేదాండీ?"

"పొద్దుటే అయిపోయింది."

"మరి తిన్నారా?"

"ఇంకా సైరన్ అవలేదు కదమ్మా," అంది, ఇది తెలియనిదెవరికి అన్నట్టు.

ఊరికే కూర్చున్నాను. ఆవిడా కూర్చుంది. కాసేపటికి సైరన్ మోగింది. నేను లేచి నిలబడబోయాను, పద తిందాం అంటుందేమోనని. ఆవిడ కదల్లేదు. "సైకిలు మీద రావాల కదా," అంది మెల్లిగా, నాకు కాదు.

మరికొంతసేపటికి లేచి, చేతులు కడుక్కుని, కంచం పెట్టింది. అన్నం వడ్డించి నెయ్యి వేసింది. గూట్లోంచి మా చూర్ణం సీసా తీసింది. సీసా దాదాపు ఖాళీ అయింది. నాకు సంతోషమేసింది, మందు మానలేదు కదా అని. చెంచాతో కొలిచి అన్నం మీద చల్లి, శ్రద్ధగా కలిపి, గుండ్రంగా ముద్ద చేసింది. ఆ ముద్ద పట్టుకుని దొడ్లోకి నడిచి గోడ మీద పెట్టింది.

ఒక కాకి అక్కడే కాచుకుని ఉంది. ముద్ద తిని, ముక్కు అటూ ఇటూ గోడకి రాసుకుంది. ఇంగువ ఘాటుకి కాబోలు. ఎగిరిపోకుండా అలాగే కూర్చుంది.

ఆవిడ వచ్చి అదే కంచంలో పప్పు వేసుకుని తినబోయింది.

"అమ్మా," అన్నాను. "ఆ చూర్ణం... మీకిచ్చింది కదా."

"నువ్వే సెప్పేవు కదా, మొదటి ముద్దలోనే అని."

"అవును."

"మొదటి ముద్ద ఆయనది కదమ్మా," అంది. "పెళ్ళయిన కాడ్నించీ ఆయనదే. ఆయన తిన్నాక అదే కంచంలో నాను. ఇప్పుడు గోడ మీద పెడతన్నాను."

"మరి మీ సంగతి?"

"నాది రెండోది. రెండోదాన్లో వద్దన్నావు." సర్దిచెప్తున్నట్టు అంది, "ఆయనకీ ఉండేదిలే గేసు."

ఇన్ని నెలల మందూ ఆ కాకి తింది. అప్పుడు నోట్లోంచి ఒక ప్రశ్న వచ్చింది. జవాబు కలపకుండా నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"ఈ వారం ఆయనది ఏ షిఫ్టండీ?"

ఆవిడ మొహం విప్పారింది. ఏడాదిగా ఎవరూ అడగని ప్రశ్న కాబోలు. "ఇయాల్నించి ఫస్ట్ షిఫ్టు. రెండింటికి దిగుతాడు. వచ్చే వారం సెకండు. ఆ మీద నైటు."

"సెకండ్ షిఫ్టయితే మీరెప్పుడు తింటారు?"

"ఆయనొచ్చేక. రాత్రి."

"అందాకా?"

"టీ నీళ్ళు. మరీ ఆకలేస్తే బిస్కట్టు."

"నైట్ షిఫ్టయితే?"

"తెల్లారి రాగానే అన్నం తిని తొంగుంటాం."

తొంగుంటాం అంది. ఆయన బతికే ఉన్నాడని ఆవిడ అనుకోవటం లేదు. ఆయన లేడని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. కానీ పాతికేళ్ళకు పైగా ఆ షిఫ్టుల ప్రకారం పొయ్యి వెలిగించింది. ఆయన పోయాక షిఫ్టులు ఆగిపోతాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. సైరన్ ఆగలేదు కదా. వేళ తప్పి తినటాన్ని శాస్త్రంలో విషమాశనం అంటారని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఫస్ట్ షిఫ్టు వారం రాగానే ఆవిడకి నయమయ్యేది, ఆ వారం నేను నా మందు మార్పుకి మురిసిపోయేదాన్ని.

ఇవన్నీ మానెయ్యండి అని చెప్పాలి. వేళకి తినండి, ఆయన లేరు, ఎదురుచూడకండి. ఆ మాట నోటిదాకా వచ్చింది. గోడ మీద కాకి ఇంకా కూర్చునే ఉంది. నేను చెప్పలేకపోయాను. దాని బదులు ఇంకో మాట వచ్చింది.

"ఆయన్ని జనరల్ షిఫ్టులో వేయించకూడదా?"

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

జనరల్ షిఫ్టంటే కర్మాగారం వాళ్ళకి వరం. పొద్దున వెళ్ళి సాయంత్రం రావటం, మధ్యాహ్నం దగ్గరివాళ్ళు ఇంటికొచ్చి తిని వెళ్ళటం. ఏ వారమైనా అదే వేళ.

"ఎన్నిమార్లు అడిగీడో," అంది ఆవిడ. "ఇయ్యలేదు. నాలాటోడికి ఎవలిస్తారే అనీవోడు."

"నేనిస్తాను."

"నువ్వా?"

"డాక్టరు రాస్తే ఇవ్వాలండీ. మెడికల్ గ్రౌండ్ మీద ఇస్తారు."

"ఆయనకి రోగమేటి ఇప్పుడు?"

"ఆయనకి కాదు, మీకు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. అంతసేపు నా మొహంలోకి చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. నేను వేళాకోళం చేస్తున్నానేమోనని వెతికింది. నేను చెయ్యటం లేదు.

"రేపట్నుంచి ఆయన మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే వస్తారు. చీకటి పడేలోపు మళ్ళీ వస్తారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మొదటి ముద్ద ఆయనదే. అందులో మందు వద్దు. ఆయనకింక గేసు లేదు. మందు రెండో ముద్దలో. అది మీది."

"రెండోదాన్లో పంజేస్తాదా?"

"చేస్తుంది."

ఏ గ్రంథంలో ఉందో చెప్పమంటే చెప్పలేను. ఆవిడ సీసా తీసి, మిగిలిన పొడి కంచంలో దులుపుకుని, నెయ్యి వేసి కలిపి నోట్లో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నేను కంగారుపడ్డాను.

"ఓలమ్మ, ఇంత ఘాటా," అంది, ఇంత నీళ్ళు తాగి. "ఇన్నాళ్ళూ తిన్నాడు, పాపం ఒక్క మాటనలేదు."

తరవాత దొడ్డివైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఇన్నావా. రేపట్నించి జెనరల్ షిఫ్టంట. డాక్టరమ్మ ఆర్డరు," అంది. కాకి ఎగిరిపోయింది.

సోమవారం పెద్ద డాక్టరుగారికి భయపడుతూనే అంతా చెప్పాను. రెండో ముద్ద దగ్గర నా గొంతు బాగా సన్నబడింది. ఆయన రెండు చెవులా విన్నారు. "శాస్త్రంలో మొదటి ముద్ద అనే ఉంది," అన్నారు. సీసా మూత బిగిస్తూ, "శాస్త్రం రాసినవాళ్ళు మరోదా వెళ్ళి ఉండరు," అన్నారు. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు.

నెలాఖరుకి ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఇద్దరూ కలిసి దవాఖానాకి వచ్చారు. ఆవిడ గాజులు ఇంకా వదులుగానే ఉన్నాయి. కానీ బెంచీ మధ్యలో కూర్చుంది.

"డాక్టరమ్మా, మా అప్పకేటి మందెట్టేరు?" అన్నాడాయన. "నానొచ్చిన కాడ్నించీ సూస్తన్నాను. మద్యానం అయితే సాలు, నా కన్నా ముందు కంచం కాడ కూకుంటంది. తమ్ముడు తిన్నాడా లేదా అనైనా అడగదు."

"నీకు షిఫ్టుల గోల తెల్దు, ఊరుకో," అంది ఆవిడ.

"పొట్ట ఎలా ఉందండీ?" అన్నాను.

"ఉందో లేదో తెల్డం లేదమ్మా," అంది. ఉబ్బరం తగ్గిందనటానికి అంతకన్నా మంచి మాట నేనెక్కడా చదవలేదు. తగ్గించింది చూర్ణమో వేళో నాకు తెలియదు. రెండూ అనే మీరు పరీక్షలో రాయండి.

తమ్ముడు ఒక్కడే రైలెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ గిన్నెలో ఏదో పట్టుకుని దవాఖానాకి వచ్చింది. నా బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది, పక్కన టీ, రెండు బిస్కట్లు. వాటిని చూసింది, నన్ను చూసింది.

"మరి నీది ఏ షిఫ్టమ్మా?" అంది.

వరండాలోంచి కాంపౌండరు, "దీదీకి అన్నీ నైట్ షిఫ్టులే," అన్నాడు. ఆవిడ పుస్తకం మూసి, గిన్నె మూత తీసి నా ముందుకు జరిపింది. ఆనపకాయ పప్పు, అన్నం. నేను తినటం మొదలుపెట్టేదాకా నిలబడి ఉంది. తరవాత, "ఆయనొచ్చే వేళయింది," అని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది పెద్ద డాక్టరుగారికి చూపు కూడా తగ్గి సొంత ఊరు వెళ్ళిపోయారు. ఆయన లేకుండా దవాఖానా నడపలేమని సంఘం వాళ్ళు తలుపులు మూశారు. నేను ఇక్కడికి వచ్చాను. పుస్తకాలు తలెత్తి చూడవు కనక ఈ పని నాకు సరిపోయింది. ఆవిడకి ఉత్తరం రాద్దామనుకుంటూనే ఉన్నాను. చదివి వినిపించేవాళ్ళు దగ్గర ఉన్నారో లేదోనని రాయలేదు.

ఇక్కడ సైరన్ లేదు. మధ్యాహ్నం మీరంతా హాస్టలుకి వెళ్ళిపోయాక ఈ హాల్లో ఫ్యాను చప్పుడు ఒక్కటే ఉంటుంది. నేను చదువుతున్న పుస్తకం మూసేసి డబ్బా తెరుస్తాను. మొదటి ముద్ద తీసి మూతలో పెడతాను. ఎవరిదని మీరు అడిగితే నాకు చెప్పటం రాదు. రెండోది నేను తింటాను.